ఒక్క చీటీతో కేసు తేలిపోతుందా? కొలంబో ‘మర్డర్ బై ది బుక్’ రెండోసారి చూసేవాళ్లకి

ప్రశ్న: పోలీసు డిటెక్టివ్ కొలంబో కథలతో వచ్చిన అమెరికన్ టీవీ సిరీస్ ‘కొలంబో’లో ‘మర్డర్ బై ది బుక్’ ఎపిసోడ్ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూశాను. మొదటిసారి అద్భుతం అనిపించింది. ఈసారి ముగింపు మింగుడు పడలేదు. అంత తెలివైన హంతకుడు ఒక చిత్తు కాగితం చూపించగానే ఒప్పేసుకుంటాడా? ఇది కోర్టులో నిలుస్తుందా? దీనికి అంత పేరు ఎందుకొచ్చింది? మళ్లీ చూస్తే ఏం గమనించాలి?

సమాధానం:

కోర్టు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ చీటీ ఒక్కదానితో ఎవరికీ శిక్ష పడదు, ఆ మాట వరకు మీ అనుమానం సరైనదే. అయితే కొలంబో ఆ చీటీని తీసింది ‘హత్య ఎవరు చేశారు’ అని తేల్చడానికి కాదు. అది అతనికి ఎప్పుడో తెలుసు, మనకి మొదటి పావుగంటలోనే తెలుసు. అతను అడుగుతున్న ప్రశ్న వేరు: ఈ కథ ఎవరు రాశారు? ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే కట్టారు. రెండోసారి చూస్తున్నప్పుడు దీన్ని హత్య కేసులా కాక కర్తృత్వ వివాదంలా చూడండి, ముగింపు వేరుగా కనబడుతుంది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ (ఇక్కడి నుంచి అన్నీ బయటపడిపోతాయి, జాగ్రత్త). కెన్ ఫ్రాంక్లిన్, జిమ్ ఫెరిస్ జంట రచయితలు. మిసెస్ మెల్విల్ అనే డిటెక్టివ్ పాత్రతో వాళ్ల నవలలు విపరీతంగా అమ్ముడుపోతుంటాయి. నిజానికి రాసేదంతా జిమ్. కెన్ చేసేది ఇంటర్వ్యూలు ఇవ్వడం, పార్టీలకి వెళ్లడం, పుస్తకాలకి ప్రచారం చేయడం. ఇకమీదట విడిగా రాసుకుంటానని జిమ్ తేల్చి చెబుతాడు. కెన్ అతన్ని చంపుతాడు. భాగస్వాముల పేరు మీద బీమా పాలసీ కూడా ఉంది.

ఈ ఎపిసోడ్ 1971 సెప్టెంబర్ 15న అమెరికన్ టీవీ ఛానెల్ ఎన్‌బీసీలో ప్రసారమైంది. అంతకు ముందు 1968లో ఒకటి, 1971 మొదట్లో ఒకటి, రెండు పైలట్ సినిమాలు (సిరీస్‌కి ముందు ప్రయోగంగా తీసేవి) వచ్చాయి. సిరీస్‌గా మొదలైంది మాత్రం దీనితోనే. తొంభై నిమిషాల స్లాట్, ప్రకటనలు తీసేస్తే దాదాపు 76 నిమిషాల నిడివి. కొలంబోగా పీటర్ ఫాక్, కెన్‌గా జాక్ కాసిడీ, జిమ్‌గా మార్టిన్ మిల్నర్, జిమ్ భార్య జోయానాగా రోజ్‌మేరీ ఫోర్సైత్, కిరాణా కొట్టు యజమానురాలు లిల్లీగా బార్బరా కోల్బీ. స్క్రిప్టు స్టీవెన్ బోచ్కో, దర్శకత్వం స్టీవెన్ స్పీల్‌బర్గ్. అప్పటికి స్పీల్‌బర్గ్‌కి 24 ఏళ్లు, అతని టీవీ సినిమా ‘డ్యుయెల్’ ఇంకా ప్రసారం కాలేదు, అది అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది. కెమెరా పట్టింది రస్సెల్ మెటీ, ‘స్పార్టకస్’కి ఆస్కార్ అందుకున్న మనిషి. కుర్ర దర్శకుడు, పండిపోయిన ఛాయాగ్రాహకుడు అన్నమాట.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కొలంబో పాత్రని సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ కూడా జంట రచయితలే. జంట రచయితల్లో ఒకడు ఇంకొకణ్ని చంపే కథతో సిరీస్ మొదలవడం వెనక కొంచెం కొంటెతనం ఉందనే నాకు అనిపిస్తుంది. జంట కవులంటే మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రి 1920లో పోయాక కూడా చెళ్లపిళ్ల వారు జంట పేరుతోనే పుస్తకాలు వెలువరించారు. కెన్ ఫ్రాంక్లిన్‌ని ఆ పక్కన నిలబెట్టి చూస్తే అతని రోగం ఏమిటో వెంటనే తెలుస్తుంది. పక్కవాడు పోయినా జంట పేరు మోయగలిగినవాడు రాయగలిగినవాడే. కెన్‌కి ఆ పేరు తప్ప చేతిలో ఇంకేమీ లేదు.

ఇప్పుడు పథకం. దీన్ని ఒక యంత్రంలా విప్పి చూడాలి, ఎందుకంటే తర్వాత కొలంబో చెప్పేది ఈ పథకం నాణ్యత గురించే.

కెన్ రాజీకొచ్చినట్టు నటించి, శాన్ డియేగో దగ్గర ఉన్న తన కేబిన్‌కి జిమ్‌ని బయల్దేరదీస్తాడు. కిందికి దిగాక లైటర్ మర్చిపోయానని ఒక్కడే పైకి వెళ్లి ఆఫీసు గదిని చిందరవందర చేస్తాడు. నేర ముఠాల వాళ్ల పేర్లున్న కాగితం ఒకటి అక్కడ దొరికేలా ఏర్పాటు చేస్తాడు. జిమ్ ఏదో మాఫియా గుట్టు రట్టు చేయబోయాడని పోలీసులు అనుకోవాలి. దారిలో లిల్లీ కొట్టు దగ్గర ఆగి జోయానాకి ఫోన్ చేస్తాడు: నేను ఇక్కడికి వచ్చేశాను, జిమ్ ఆఫీసులోనే పని చేసుకుంటున్నాడు. ఇది అతని ఎలిబీకి, అంటే హత్య సమయంలో తను వేరే చోట ఉన్నాననే రుజువుకి, పునాది. కేబిన్ చేరాక జిమ్ చేతే భార్యకి ఫోన్ చేయించి, ఆఫీసులో ఆలస్యమవుతుందని చెప్పిస్తాడు. ఆ మాటల మధ్యలోనే కాలుస్తాడు. తూటా చప్పుడు జోయానా చెవిలో పడుతుంది. ఆమె పోలీసులకి చెప్పేదేమిటి? నా భర్త లాస్ ఏంజెలెస్ ఆఫీసులో ఉండగా కాల్చారు. పోలీసులు వెళ్తే గది చిందరవందరగా ఉంటుంది, శవం ఉండదు. కెన్ మాత్రం నూట ఇరవై మైళ్ల దూరంలో ఉంటాడు.

ఈ పథకానికి ఇరుసు ఫోను. ఆ ఫోన్ కాల్ ఎలా సాధ్యమైందో తెలియకపోతే పథకం గొప్పతనం సగమే అందుతుంది. అమెరికాలో ఆపరేటర్ అవసరం లేకుండా చందాదారుడే దూరపు ఊరికి నంబర్ తిప్పుకునే సౌకర్యం 1951లో న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్‌లో మొదలైంది. 1971 నాటికి కాలిఫోర్నియాలో అది మామూలు సంగతి. అవతలి ఫోన్‌కి ఏ ఊరి నుంచి వస్తోందో తెలిసే మార్గం లేదు, తెర మీద నంబర్ చూపించే ఫోన్లు అప్పటికి రాలేదు. ఆఫీసులో ఉన్నానని భర్తే స్వయంగా చెబితే భార్య నమ్మక ఏం చేస్తుంది?

ఇదే కథ అదే ఏడాది మన దగ్గర జరిగినట్టు ఊహించండి. ఇక్కడ మొదటి ఎస్టీడీ లైను 1960లో కాన్పూర్, లక్నోల మధ్య వేశారు. ఆ తర్వాత కూడా చాలా ఊళ్లకి చాలాకాలం ట్రంకు కాలే గతి. కాల్ బుక్ చేయాలి, ఆర్డినరీయా అర్జెంటా చెప్పాలి, గంటలు కాచుకోవాలి, చివరికి ఆపరేటర్ గొంతు వినబడి ఊరి పేరు చెప్పి ‘మాట్లాడండి’ అనాలి. ఆ ఒక్క గొంతుతో కెన్ పథకం కూలిపోతుంది. నేర కథలకి వాటి కాలపు యంత్రాలే ఎముకలు. పాత ఎపిసోడ్లు మళ్లీ చూసేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న: ఆ రోజుల్లో ఆ వస్తువు ఎలా పనిచేసేది?

అలా అడిగితేనే ఈ కథలోని అతి పెద్ద చిల్లు కూడా కనిపిస్తుంది. ఆపరేటర్ లేకపోయినా ఫోన్ కంపెనీకి లెక్క కావాలి. దూరపు కాల్ ఏ నంబర్ నుంచి ఏ నంబర్‌కి వెళ్లింది, ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది అన్నది ఎక్స్ఛేంజ్‌లో కాగితపు టేపు మీద చిల్లులుగా నమోదయ్యేది. బిల్లులో ఆ కాల్ విడిగా వచ్చేది. ఇప్పుడు లెక్క వేయండి. కాల్పులు జరిగిన నిమిషంలో తను భర్తతో మాట్లాడుతున్నానని జోయానా సాక్ష్యం చెబుతుంది. సరిగ్గా అదే నిమిషానికి కెన్ కేబిన్ నంబర్ నుంచి ఆమె ఇంటికి కాల్ వెళ్లినట్టు కంపెనీ రికార్డు చూపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే జిమ్ ఆ క్షణంలో కేబిన్‌లో ఉన్నట్టే. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. కొట్టు నుంచి ముందే ఫోన్ చేసి కెన్ ఇంకా ఇరుక్కున్నాడు, ఎందుకంటే కేబిన్ నుంచి వెళ్లిన రెండో కాల్ కూడా తనదేనని బొంకడానికి జోయానా మాట అడ్డం వస్తుంది. చివరి మలుపుని ఈ బిల్లు మీద నిలబెట్టలేదు. నిలబెడితే చట్టపరంగా పకడ్బందీగా ఉండేది, నాటకంగా చప్పగా ఉండేది. బిల్లు చూపిస్తే కెన్ లాయర్‌ని పిలుస్తాడు. చీటీ చూపిస్తే నోరు విప్పుతాడు.

మిగతా చిల్లులు చిన్నవి. శవాన్ని కేబిన్‌లో వదిలితే ఎలిబీ పోతుంది, ఆఫీసులో పెడదామంటే అక్కడ అప్పటికే పోలీసులుంటారు. కాబట్టి డిక్కీలో వేసుకుని తిరిగొచ్చి తన ఇంటి లాన్ మీదే పడేస్తాడు. ముఠావాళ్లు తనని బెదిరించడానికి చేశారని పోలీసులు అనుకోవాలట. ఇక్కడ పథకం కొంచెం కుంటుతుంది. ఆఫీసులో చంపినవాళ్లు శవాన్ని ఊరు దాటించి ఇంకొకరి వాకిట్లో ఎందుకు పడేస్తారు అన్నదానికి గట్టి సమాధానం లేదు. పైగా మరణం తర్వాత రెండు నుంచి నాలుగు గంటల్లో కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది. ముడుచుకుపోయి పడి ఉన్న శవం ఆ భంగిమ గుర్తులు మోస్తుంది. రక్తం కిందికి దిగి కట్టే మచ్చలు కూడా శవం ఏ వైపున పడి ఉందో చెబుతాయి. డిక్కీలో తుడిచినా మిగిలే రక్తాన్ని పట్టే లూమినాల్ పరీక్ష 1937 నుంచీ ఉంది. కొలంబో కథల్లో ల్యాబు ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చుంటుంది. అది ఈ సిరీస్ ఒప్పందం, దాన్ని తప్పుగా నేను లెక్కించను. డిటెక్టివ్ యుగంధర్ నవలల్లో పాఠకుడు ‘ఎవరు?’ అని పేజీలు తిప్పుతాడు. ఇక్కడ ‘ఎవరు’ మొదటే చెప్పేశారు, ‘ఎలా దొరుకుతాడు’ అన్నదే మిగిలింది. దొరకాల్సింది మనిషి స్వభావంలోంచి. అందుకే మైక్రోస్కోపు మధ్యలో దూరకూడదు.

ఇక క్లూలు. నా లెక్కలో రెండు మేలైనవి.

మొదటిది కారు. ప్రాణ స్నేహితుడికి ఏదో జరిగిందని కబురు అందింది. శాన్ డియేగో నుంచి లాస్ ఏంజెలెస్‌కి విమానం ఉంది. కెన్ మాత్రం కారు నడుపుకుంటూ వచ్చాడు, ఎటు చూసినా రెండు గంటల ప్రయాణం. ఎందుకు? ఈ ప్రశ్న కొలంబో ఏదో మాటవరసకి అన్నట్టు అడుగుతాడు. మనకి జవాబు తెలుసు, డిక్కీ ఖాళీ లేదు. ఇలాంటి క్లూలో ఉన్న అందం ఏమిటంటే, హంతకుడికి అది తప్పించుకోలేని తప్పు. కారు వదిలి విమానం ఎక్కితే శవం అక్కడే మిగులుతుంది. పథకం లోపలి అవసరమే పథకాన్ని బయటపెట్టింది.

రెండోది ఉత్తరాలు. శవం తన లాన్ మీద ఉందని పోలీసులకి చెప్పాక, వాళ్లు వచ్చేలోపు కెన్ ఆ రోజు పోస్టులో వచ్చిన కవర్లు చించి చూసుకున్నాడు. స్నేహితుడి శవం వాకిట్లో పడి ఉంటే బిల్లులు చూసుకునే మనిషి ఉంటాడా? కెన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, మనసు మళ్లించుకోవడానికి అంటాడు. కొలంబో తల ఊపి వదిలేస్తాడు. చట్టం ముందు ఈ క్లూకి విలువ దాదాపు సున్నా. కానీ ఆ క్షణం నుంచి కొలంబో వేరే ఎవరినీ వెతకడు. ఇలాంటివాటిని నిరూపించే క్లూలు అనుకోకూడదు, దారి చూపే క్లూలు అనాలి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే సిరీస్ మొత్తం సులభంగా అందుతుంది. ప్రతి ఎపిసోడ్‌లో మొదటి అనుమానం ఇలాంటి మానవ ప్రవర్తన నుంచి పుడుతుంది, చివరి ఉచ్చు విడిగా తయారవుతుంది. మీరు ఈ రెండింటినీ ఒకే తూకంలో వేసి చూస్తున్నారు, ఇబ్బంది అక్కడుంది.

లిల్లీ దగ్గరికి వద్దాం. కొట్టు దగ్గర కారు ఆగినప్పుడు లోపల జిమ్ కూర్చుని ఉండటం ఆమె చూసింది. అంటే ఆమె ‘చివరిసారి కలిసి కనిపించారు’ అని చెప్పగల ఏకైక సాక్షి. మన క్రిమినల్ కోర్టుల్లో రోజూ వినపడే మాటే ఇది. ఆమె పోలీసుల దగ్గరికి వెళ్లకుండా కెన్ దగ్గరికి వెళ్లి 15,000 డాలర్లు అడుగుతుంది. అడిగే తీరు చూడండి, బెదిరింపులా ఉండదు, పెళ్లిచూపుల్లా ఉంటుంది. బార్బరా కోల్బీ నటన ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఒంటరితనం, ఆశ, గడుసుతనం మూడూ ఒకే నవ్వులో పలికించింది. కెన్ బ్యాంకులో డబ్బు తీస్తాడు, షాంపేన్ పట్టుకెళ్తాడు, ఆ సీసాతోనే ఆమెని చంపి, పడవ ప్రమాదంలా కనిపించేలా సరస్సులో పడేస్తాడు. డబ్బు తిరిగి బ్యాంకులో వేసేస్తాడు!

ఎంత నాసిరకం పనో చూడండి. తీసిన మొత్తం, వేసిన మొత్తం ఒకటే, మధ్యలో ఒక మరణం. లిల్లీతో పెద్దగా పరిచయం లేదన్నట్టు మాట్లాడాడు, ఆమె ఇంట్లోనేమో అతను ప్రేమగా సంతకం చేసిచ్చిన పుస్తకం ఉంది. మొదటి హత్యలో ప్రతి అడుగూ ఇంకో అడుగుకి ఆనుకుని నిలబడింది. రెండోదానిలో ఏ ముక్కా ఏ ముక్కకీ అతకదు. విమర్శకుల్లో కొందరు రెండో హత్య స్క్రిప్టుకే బలహీనత అంటారు, మొదటి సగం ఉన్నంత బిగువు రెండో సగంలో లేదని. అది పొరపాటు. రెండో హత్య నాసిగా ఉండాలి. అది నాసిగా ఉండటమే అసలు క్లూ.

అందుకే ముగింపులో కొలంబో సాహిత్య విమర్శకుడిలా మాట్లాడతాడు. మొదటి హత్య అంత పకడ్బందీగా, రెండోది అంత మొరటుగా ఎలా ఉంది? ఒకే చేతి రాత కాదు కాబట్టి. కెన్ నవలల్లో ఒక్క ముక్కా రాయలేదని జోయానా ముందే చెప్పింది. ఆలోచన వచ్చినప్పుడల్లా జిమ్ ఏ కాగితం దొరికితే దాని మీద రాసి పడేసే అలవాటున్న మనిషి. కొలంబో ఆ కాగితాలన్నీ వెతికి ఒక చీటీ పట్టుకుంటాడు. ఒకడు ఇంకొకణ్ని దూరంగా ఉన్న ఇంటికి తీసుకెళ్తాడు, ఊళ్లో ఉన్న భార్యకి ఫోన్ చేయించి ఆఫీసులో ఉన్నానని చెప్పిస్తాడు, కాలుస్తాడు. పూర్తి పథకం అందులో ఉంది. కొలంబో చదివి వినిపించే ధోరణి ఏమిటంటే, చూశావా, నువ్వు చేసిన ఒక్క మంచి పని కూడా నువ్వు చంపినవాడి బుర్రలో పుట్టిందే.

కెన్ లొంగిపోయేది అక్కడ. ఆ ఆలోచన తనదే అంటాడు. జీవితంలో తనకి వచ్చిన ఒకే ఒక మంచి ఆలోచన అది, అయిదేళ్ల కిందట జిమ్‌తో అంటే, ఆ వెర్రివాడు రాసి పెట్టుకుంటాడని ఎవరనుకున్నారు అంటాడు. ఈ మాటని నేరాంగీకారంగా వినకండి. ఎన్నో నవలల అట్టల మీద పేరు వేయించుకున్న మనిషి, మొదటిసారి నిజంగా తనదైన రచన మీద తన పేరు అడుగుతున్నాడు. ఆ పేరు దక్కాలంటే హత్య కూడా తనదేనని ఒప్పుకోక తప్పదు. కొలంబో ఉచ్చు పెట్టింది సరిగ్గా ఈ గీరకే. ఇంకో విడ్డూరం చూడండి, ఈ ఒక్క విషయంలో కొలంబో లెక్క తప్పు. పథకం జిమ్‌ది అనుకున్నాడు, కాదు. తప్పు లెక్కే సరైన తాళం తీసింది. ఆ తప్పు నిజంగా చేశాడా, కావాలని చేశాడా అన్నది ఎపిసోడ్ తేల్చదు. పీటర్ ఫాక్ ముఖం రెండింటికీ సరిపోతుంది.

మీరు అడిగిన కోర్టు ప్రశ్నకి ఇప్పుడు కొంచెం వివరంగా. అమెరికాలో 1966 నాటి మిరాండా తీర్పు ప్రకారం అదుపులో ఉన్న మనిషిని హక్కులు చెప్పకుండా ప్రశ్నించి రాబట్టిన మాట ప్రాసిక్యూషన్ తన కేసుకి వాడుకోలేదు. అదుపులో లేని మనిషి నోరు జారితే వాడుకోవచ్చు. కెన్ ఆ మాట అన్నప్పుడు ‘అదుపులో’ ఉన్నట్టా కాదా అన్నదాని మీదే అతని లాయర్ పోరాడతాడు. ఇక మన దేశంలో అయితే ఆ పోరాటం కూడా అక్కర్లేదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయకూడదు. 1872 సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. కొలంబో లెఫ్టినెంట్ కాబట్టి అతని చెవిలో పడ్డ మాట మన కోర్టుకి చేరదు. అప్పుడు మిగిలేవి పరిస్థితుల సాక్ష్యాలు: బీమా, కారు ప్రయాణం, బ్యాంకు జమలు, సంతకం ఉన్న పుస్తకం, చీటీ. వీటి గొలుసులో ఒక్క లింకు కూడా తెగకూడదని, నిందితుడు నిర్దోషి అయ్యే వేరే ఊహకి తావుండకూడదని 1984లో శరద్ బిర్ధిచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ కొలతకి ఈ గొలుసు చాలదు. నేను పైన చెప్పిన ఫోన్ రికార్డు కలిపితే చాలా దగ్గరికి వస్తుంది. కాబట్టి కొలంబో చేయాల్సిన పని, నాటకం అయ్యాక మర్నాడు పొద్దున్నే ఫోన్ కంపెనీ ఆఫీసుకి వెళ్లడం.

మళ్లీ చూసేటప్పుడు గమనించాల్సినవి. మొదటి కొన్ని నిమిషాలు చెవులతో చూడండి. కెన్ కారు వీధుల్లో వస్తుంటుంది, సంగీతం లేదు, ఇంజిను చప్పుడు కూడా లేదు. టైప్‌రైటర్ చప్పుడు ఒక్కటే. దూరంగా కింద వీధిలో ఉన్న కారు మీద నుంచి కెమెరా వెనక్కి వస్తూ కిటికీ లోపలికి చేరి, టైపు చేస్తున్న జిమ్ దగ్గర ఆగుతుంది. పని చేసేవాడు, పనిలోంచి వచ్చే డబ్బు అనుభవించేవాడు, ఇద్దరూ ఒకే షాట్‌లో. డైలాగు మొదలవకముందే కథ చెప్పేశారు. సంగీత దర్శకుడు బిల్లీ గోల్డెన్‌బర్గ్ తర్వాత నేపథ్య సంగీతంలోకి కూడా ఆ టైపు మోతని లాక్కొచ్చాడు. జిమ్ చనిపోయాక కూడా అది వినబడుతుంటే ఊరికే అలంకారం అనుకోకండి.

కొలంబో పావుగంట దాటాకే వస్తాడు. వచ్చే తీరు చూడండి, హీరో ప్రవేశం కాదు. ఆఫీసు కారిడార్‌లో మంచినీళ్ల కుళాయి దగ్గర బెదిరిపోయి ఉన్న జోయానాని పలకరిస్తాడు. తర్వాత ఆమె ఇంటికి తీసుకెళ్లి వంటగదిలో ఆమ్లెట్ వేసిపెడతాడు. ఆ తర్వాతి ఏళ్లలో ఫాక్ ఈ పాత్రకి చాలా చేష్టలు కలిపాడు, కొన్ని ఎపిసోడ్లలో అవి మోతాదు మించాయి కూడా. ఇక్కడ ఇంకా పొదుపుగా ఉన్నాడు. అతని మెత్తదనం అంతా బాధితురాలి వైపు, తికమక నటన అంతా కెన్ వైపు. ఒకే సీన్లో ఇద్దరూ ఉన్నప్పుడు ఫాక్ గొంతు ఎవరి వైపు తిరిగితే ఎలా మారుతుందో వినండి.

ఏ ప్రతి చూస్తున్నారన్నది ముఖ్యం. ఇది 4:3 తెర కోసం తీసింది. టీవీ నిండా కనిపించేలా 16:9కి కోసిన ప్రతులు తిరుగుతున్నాయి. అలా కోస్తే బొమ్మ ఎత్తులో పావు వంతు పోతుంది. మామూలు సీరియల్ అయితే పెద్ద నష్టం లేదు. ఇక్కడ స్పీల్‌బర్గ్, మెటీ కలిసి ఒక మనిషిని కెమెరాకి దగ్గరగా, ఇంకొకరిని లోతులో దూరంగా పెట్టి, కింది నుంచి పైకి చూసే షాట్లు చాలా తీశారు. పైన కోస్తే తలలు తెగుతాయి, కింద కోస్తే చేతిలో ఉన్న వస్తువు పోతుంది. రెండు పక్కలా నల్ల పట్టీలు ఉన్న ప్రతే సరైనది, రిమోట్‌తో సాగదీయకండి.

గట్టి భౌతిక సాక్ష్యంతో ముగిసేవే మీకు ఇష్టమైతే రెండు చెబుతాను. ఒకటి ఇదే సీజన్లో 1971 నవంబర్‌లో వచ్చిన ‘సూటబుల్ ఫర్ ఫ్రేమింగ్’. దాని చివరి ముప్పై సెకన్లలో మాటలతో వాదించడానికి ఏమీ మిగలదు. ఎలాగన్నది చెప్పను, కొలంబో చేతుల మీద కన్ను వేసి ఉంచండి. రెండోది 1976లో వచ్చిన ‘నౌ యూ సీ హిమ్’. మళ్లీ జాక్ కాసిడీయే హంతకుడు, ఈసారి ఇంద్రజాలికుడు. మళ్లీ టైప్‌రైటర్. చూసే ముందు ఒక్క విషయం తెలిసి ఉంటే చాలు. పాత గుడ్డ రిబ్బన్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ అదే చోట అక్షరం మీద అక్షరం పడి అలుక్కుపోతుంది. ఒకసారే వాడే కార్బన్ ఫిల్మ్ రిబ్బన్ అలా కాదు, ప్రతి అక్షరానికీ కొత్త చోటు వాడుకుంటూ ముందుకే పోతుంది.